బంగినపల్లి కాయ ఫ్రిజ్‌లో ఎందుకు మాగదు, బస్తాలో ఎందుకు కుళ్లుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నూజివీడు దగ్గర సొంత తోటలో మే మొదటి వారంలో బంగినపల్లి కోయించి, కారు డిక్కీలో హైదరాబాద్ తెచ్చుకున్నారు. ఇంట్లో చోటు చాలక కొన్ని ఫ్రిజ్ కింది అరలో, కొన్ని బియ్యం డ్రమ్ములో పెట్టి, మిగతావి గోనె బస్తాలోనే స్టోర్ రూమ్‌లో వదిలేశారు. వారం తర్వాత ఫ్రిజ్ కాయలు బయట పెట్టినా సరిగా పండలేదు. తొక్క బూడిద రంగుకు తిరిగింది, గుజ్జు చప్పగా ఉంది. బియ్యంలోవి కొన్ని బాగున్నాయి, కొన్ని పులిసిన వాసన కొట్టాయి. బస్తాలోవి ఒక పక్క మెత్తగా, ఒక పక్క పచ్చిగా ఉండి ముచ్చిక దగ్గర నల్లబడి కుళ్లాయి. ఒకే తోట, ఒకే రోజు కోత. మరి తేడా ఎక్కడ వచ్చింది? చివర్లో, బెంగళూరులో ఉన్న అమ్మాయికి ఒక పెట్టె ఎలా పంపాలని కూడా అడిగారు.

నా ఉద్యోగమంతా పండ్ల కోత తర్వాతి పనిలోనే గడిచింది. మొదట చిత్తూరు వైపు పల్ప్ ఫ్యాక్టరీల్లో, తర్వాత రైపెనింగ్ చాంబర్లలో, అంటే పండ్లు మాగబెట్టే చల్లటి గదుల్లో. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

అసలు జవాబు ముందే చెప్పేస్తాను. మామిడి సరిగా పండడానికి సుమారు 20 నుంచి 25 డిగ్రీల వేడి కావాలి. మీ ఫ్రిజ్‌లో ఉండేది 4 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని స్టోర్ రూమ్ 36, 38 డిగ్రీలు ఉంటుంది, బస్తా నడిమధ్య ఇంకా ఎక్కువ. ఒకటి హద్దుకు బాగా కింద, ఒకటి బాగా పైన. పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టకూడదని చాలామందికి తెలుసు. వేడి కూడా అంతే చేటు చేస్తుందని మాత్రం ఎవరూ అనుకోరు. ఎండాకాలం కాయ కదా, ఎండకు పండుతుందిలే అనుకుంటారు. నేను చూసినంతలో మన దగ్గర చలికి చెడిన మామిడి కంటే వేడికి చెడిన మామిడే చాలా ఎక్కువ.

ఎందుకో అర్థం కావాలంటే కాయ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. కోసిన కాయ చచ్చిపోలేదు. ఆక్సిజన్ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, తనలో దాచుకున్నదాన్ని ఖర్చు పెట్టుకుంటూ బతుకుతుంది. బాగా ముదిరిన కాయలో పిండిపదార్థం నిండా ఉంటుంది. పండేటప్పుడు ఆ పిండి చక్కెరగా మారుతుంది. పులుపునిచ్చే ఆమ్లాలు తగ్గుతాయి. కణాల గోడల్లోని పెక్టిన్ కరిగి గుజ్జు మెత్తబడుతుంది. తొక్కలో ఆకుపచ్చ పోయి పసుపు బయటపడుతుంది. వీటి వెంట వాసన పుడుతుంది. ఇవన్నీ వేర్వేరు ఎంజైములు చేసే వేర్వేరు పనులు. వీటన్నిటికీ సైగ చేసేది ఇథిలీన్ అనే వాయువు. దాన్ని కాయ తనే తయారు చేసుకుంటుంది, కాస్త పుట్టిందంటే అది మరికొంత ఇథిలీన్‌ను పుట్టిస్తుంది. బుట్టలో ఒక్క కాయ పండితే మర్నాటికల్లా పక్కవాటికి అంటుకునేది అందుకే. పండే వాటి నుంచే ఇథిలీన్ వస్తుందని 1934లో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త ఆపిల్ పండ్ల మీద నిరూపించాడు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మెత్తబడడం, రంగు, తీపి, వాసన అన్నీ ఒకే వేగంతో నడవవు. సరైన ఉష్ణోగ్రతలో నాలుగూ ఇంచుమించు ఒకేసారి ముగుస్తాయి. ఉష్ణోగ్రత అటూ ఇటూ అయితే ఒకటి ముందుకు పోతుంది, ఇంకోటి ఆగిపోతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు మామిడికి ఇచ్చిన సూచనలు ఈ రంగంలో అందరూ వాడేవే. 20–22 డిగ్రీల్లో పండిస్తే రంగు, రుచి రెండూ కుదురుతాయి. 15.5–18 డిగ్రీల్లో తొక్క రంగు చాలా అందంగా వస్తుంది కానీ పులుపు మిగిలిపోతుంది, తినే ముందు ఇంకో రెండు మూడు రోజులు 21–24 డిగ్రీల్లో ఉంచాలి. 27–30 మధ్య తొక్క మచ్చలు మచ్చలుగా రంగు తిరుగుతుంది, వాసన ఘాటెక్కుతుంది. 30 దాటాక పండడమే మందగిస్తుంది. పండడం మందగిస్తుంది తప్ప కాయ ఊపిరి మందగించదు, నీరు ఆవిరవడం ఆగదు, బూజు ఆగదు. మీ బస్తాలో జరిగింది అదే.

ముందు ఫ్రిజ్ సంగతి. మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం ఇవన్నీ ఉష్ణమండలపు పండ్లు. పచ్చి మామిడికి 12–13 డిగ్రీల కంటే తక్కువ చలి ఎక్కువ రోజులు తగిలితే కణాల పైపొరలు దెబ్బతింటాయి. గడ్డకట్టక్కర్లేదు, 4 డిగ్రీలు చాలు. చిత్రం ఏమిటంటే ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ కాయ చక్కగా, ఆకుపచ్చగా, గట్టిగా కనిపిస్తుంది. బయటికి తీశాక రెండో రోజు నుంచి బండారం బయటపడుతుంది. తొక్క మీద బూడిద రంగు మరకలు, చిన్న చిన్న గుంటలు, అక్కడక్కడా మాత్రమే మెత్తబడడం, వాసన లేకపోవడం. పైగా దెబ్బతిన్న చోట బూజు తొందరగా పడుతుంది. ఒక్క రాత్రి పొరపాటున పెడితే భయం లేదు, తీసి బయట పెట్టేయండి. నాలుగైదు రోజులు దాటితే మాత్రం ఆ కాయ మీద ఆశ వదులుకోవాలి. ఇథిలీన్ పెట్టినా, గడ్డిలో పెట్టినా ఆ నష్టం పూడదు. ఇంకా గట్టిగా ఉన్నవేమైనా మిగిలితే పప్పులోకో పులిహోరలోకో వాడేయండి, పండుతాయని ఎదురుచూడొద్దు.

అదే మామిడి పండాక చలిని బాగానే తట్టుకుంటుంది. కాబట్టి వరుస ఎప్పుడూ ఒకటే: ముందు బయట పూర్తిగా పండనివ్వాలి, తర్వాత ఫ్రిజ్. పండిన బంగినపల్లి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు హాయిగా ఉంటుంది. పచ్చి కాయనే కొన్నాళ్లు ఆపాలి అనుకునే వ్యాపారులు 13 డిగ్రీల కోల్డ్ రూమ్ వాడతారు. గాలిలో తేమ 85–90 శాతం ఉంచితే రెండు మూడు వారాలు ఆగుతుంది. ఇంట్లో మనకు 13 డిగ్రీలు ఇచ్చే పరికరం ఏదీ ఉండదు. కూరగాయల అర కూడా అంతకంటే చల్లనే. అందుకే ఇంట్లో పచ్చి కాయను ఆపే ప్రయత్నమే వద్దంటాను.

ఇప్పుడు బస్తా. కాయ ఊపిరి పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి వేగం రెండు మూడింతలవుతుంది, అంటే వేడి కూడా అంత ఎక్కువ పుడుతుంది. పరిచి పెడితే ఆ వేడి గాలికి పోతుంది. బస్తాలోనో, కుప్పలోనో ఉంటే మధ్య కాయల వేడి బయటికి పోయే దారి లేదు. గది 37 ఉంటే బస్తా నడుమ 40 దాటడం ఏమీ వింత కాదు. దానికి తోడు ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ. తోటలో ఎక్కిన వేడి, డిక్కీలో ఎక్కిన వేడి, బస్తాలో పుట్టిన వేడి మూడూ కలిశాయి. బస్తా అంచున ఉన్న కాయకూ మధ్య కాయకూ, ఒకే కాయలో గోడకు ఆనిన వైపుకూ రెండో వైపుకూ ఉష్ణోగ్రత వేరు. ఒక పక్క మెత్తగా, ఒక పక్క పచ్చిగా ఉండడానికి ఇదొక కారణం. కింద కాయలు పైవాటి బరువుకు నలిగి, నలిగినచోట ముందే మెత్తబడడం రెండో కారణం.

ముచ్చిక దగ్గర నలుపు వేరే కథ. అది ముచ్చిక కుళ్లు, ఒక శిలీంధ్రం వల్ల వస్తుంది. కాయ మీద చెల్లాచెదురుగా నల్లమచ్చలు పడి అవి కలిసిపోతే అది ఆంత్రాక్నోస్ అనే మరో బూజు తెగులు. ఈ రెండూ మీ ఇంట్లో పుట్టలేదు. ఆంత్రాక్నోస్ బీజాలు పూత, పిందె దశలోనే తొక్కలోకి చేరి నిద్రలో ఉంటాయి. పచ్చి కాయలో వాటిని అణచివేసే సహజ పదార్థాలు ఉంటాయి. పండేకొద్దీ అవి తగ్గిపోతాయి, బూజుకు తలుపు తెరుచుకుంటుంది. వేడి, తేమ, గాలి ఆడకపోవడం తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తోట మీదే కాబట్టి వచ్చే ఏడాది కోతలో కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. కాయను గుంజి కోయకుండా, చిక్కానికి బ్లేడు కట్టి కొద్దిగా తొడిమతో కోయించండి. తొడిమ ఊడితే సొన కాయ మీద కారి తొక్క మాడుతుంది, ఆ గాయం నుంచే కుళ్లు లోపలికి దిగుతుంది. తర్వాత నీడలో ఒక సెంటీమీటరు ఉంచి తొడిమ కత్తిరించి, ముచ్చిక కిందికి ఉండేలా తలకిందులుగా పెట్టి సొన కారనివ్వాలి. నేల మీద కాదు, గడ్డి మీదో పట్టా మీదో.

వేడినీళ్ల స్నానం కూడా పనిచేస్తుంది. కోసిన రోజునే 50–52 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ముంచి తీసి, చల్లార్చి, తడి ఆరనిస్తే ఆంత్రాక్నోస్ బాగా తగ్గుతుంది. ఇది థర్మామీటరు లేకుండా చేసే పని కాదు. చేత్తో చూసి గోరువెచ్చగా ఉన్నాయనుకుంటే ఉపయోగం ఉండదు. 55 దాటించి ఎక్కువసేపు ఉంచితే కాయ ఉడుకుతుంది. మధ్యలో ఉన్న ఆ కొద్ది డిగ్రీల సందులోనే ఫలితం ఉంది.

బియ్యం డ్రమ్ము గురించి. బియ్యంలోనో, గడ్డిలోనో పెట్టడం పాత పద్ధతే, అందులో శాస్త్రం ఉంది. కాయ వదిలిన ఇథిలీన్ చుట్టుపక్కలే నిలుస్తుంది కాబట్టి తొందరగా, కలిసికట్టుగా మాగుతాయి. అయితే మూత బిగించిన డ్రమ్ములో ఇథిలీన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా నిలుస్తుంది. గాలిలో అది ఒక శాతం దాటితే ఇథిలీన్ పనిని అడ్డుకోవడం మొదలుపెడుతుంది. ఇంకా పెరిగి ఆక్సిజన్ తగ్గితే కాయ గాలి లేకుండా బతకాల్సి వచ్చి ఆల్కహాల్ తయారు చేస్తుంది. మీకు వచ్చిన పులిసిన వాసన అదే. పైన ఉన్నవి బాగుండి, లోతుగా పాతిపెట్టినవి పులిసి ఉంటాయని నా ఊహ. నాలుగైదు కాయలకైతే బియ్యం సరే, మూత మాత్రం వదులుగా పెట్టాలి. పాతిక కాయలకు అది పనికిరాదు.

వరిగడ్డి దానికంటే ఎంతో మేలు. ఇథిలీన్‌ను కొంత పట్టి ఉంచుతుంది, గాలిని ఆపదు. కాయ వదిలే తేమను కొంచెం పీల్చుకుంటుంది, పూర్తిగా ఎండబెట్టదు. కాయ నలగకుండా మెత్తగా ఉంటుంది. మన పెద్దవాళ్లు అటక మీద కాకుండా కింది గదిలో, తూర్పు వైపు చల్లగా ఉండే మూలన గడ్డి పరిచి మాగేసేవారు. అటక మీద వేడి ఎక్కువని వాళ్లకు థర్మామీటరు లేకుండానే తెలుసు. ఇప్పుడు మనం పైఅంతస్తు ఫ్లాట్లలో, పడమటి గోడకు ఆనుకున్న స్టోర్ రూమ్‌లో పెట్టి కాయ మంచిది కాదంటున్నాం.

ఇక ఇంట్లో ఎలా చేయాలి. కాయలు రాగానే బస్తా విప్పి, ఫ్యాన్ కింద ఒక రాత్రంతా నేల మీద పలచగా పరిచేయండి. లోపలి వేడి పోవాలి. దెబ్బతిన్నవి, తొడిమ ఊడినవి, సొన మాడినవి వేరు చేసి పచ్చడికో పప్పుకో తీసేయండి. ఒక్క కుళ్లు కాయ చుట్టూ ఉన్నవాటిని కూడా పాడుచేస్తుంది. బూజు పాకడమే కాదు, గాయపడిన కాయ ఇథిలీన్ ఎక్కువ వదిలి మిగతావాటిని తొందరపెడుతుంది కూడా. తర్వాత చిల్లులున్న ప్లాస్టిక్ క్రేట్‌లోనో అట్టపెట్టెలోనో గడ్డి వేసి, ముచ్చిక కిందికి పెట్టి, ఒక వరుస, మహా అయితే రెండు వరుసలు పేర్చండి. గడ్డి దొరక్కపోతే న్యూస్‌పేపరు. పైన కూడా కప్పండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి మూయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద నిర్ణయం. హైదరాబాద్‌లో మే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. కూలర్ గదిలో 27, 28 డిగ్రీలు, కాస్త తేమ కూడా దొరుకుతాయి. సరైన ఉష్ణోగ్రత కంటే ఇది కొంచెం ఎక్కువే, అయినా స్టోర్ రూమ్ కంటే ఎంతో నయం. తేమ అవసరం, ఎందుకంటే కాయ బరువులో ఓ 5 శాతం నీరు పోయినా తొక్క ముడత పడుతుంది. విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల గాలి ముందే తేమగా ఉంటుంది. అక్కడ కూలర్ వల్ల చల్లదనం రాదు, బూజు వస్తుంది. అక్కడైతే ఏసీ పడకగదిలో మంచం కింద పెట్టుకోండి. రాత్రి ఏసీ నడిచి, పగలు తలుపు వేసి ఉన్నా స్టోర్ రూమ్ కంటే ఎన్నో రెట్లు నయం. ఏసీ గాలి ఆరబెడుతుంది కాబట్టి పైన కప్పు తప్పనిసరి. ఇంత చేస్తే ముదిరిన బంగినపల్లి ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో మాగుతుంది. రోజూ ఒకసారి తెరిచి చూసి పండినవి తీసేస్తూ ఉండండి. తొందరగా కావాలంటే బాగా పండిన ఒకటి రెండు అరటిపండ్లు కానీ ఆపిల్ కానీ మధ్యలో పెట్టండి, అవి ఇథిలీన్ బాగా వదులుతాయి. అదే కారణంగా కొత్తిమీర, ఆకుకూరలను మాగే పండ్ల పక్కన పెట్టకండి, తెల్లారేసరికి పసుపెక్కుతాయి.

ఇంతవరకూ నిల్వ గురించే చెప్పాను. కానీ కాయ ముదరకుండా కోస్తే ఏ నిల్వా దాన్ని కాపాడదు. లేత కాయలో పిండి తక్కువ, కాబట్టి చక్కెరగా మారడానికి ఏమీ లేదు. ఇథిలీన్ పెడితే రంగు వస్తుంది, మెత్తబడుతుంది, రుచి మాత్రం రాదు. ముదిరిన బంగినపల్లిలో ముచ్చిక పక్కన భుజాలు పైకి లేచి, ముచ్చిక చిన్న గుంటలో ఉన్నట్టు కనిపిస్తుంది. ముదురు ఆకుపచ్చ తగ్గి లేత ఆకుపచ్చకు తిరుగుతుంది, టెంక గట్టిపడుతుంది, కోస్తే టెంక దగ్గర గుజ్జు పసుపు తిరిగి ఉంటుంది. బకెట్ నీళ్లలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. వాట్సాప్‌లో ఏటా ఒక వీడియో తిరుగుతుంది చూడండి, నీళ్లలో తేలితే కార్బైడ్ కాయ అని. అది తప్పు. తేలింది అంటే లేత కాయ అని మాత్రమే అర్థం. ఏప్రిల్ మొదట్లో ధర కోసం తొందరపడి కోసిన లేత కాయకే కార్బైడ్ వాడే అవకాశం ఎక్కువ కాబట్టి రెండూ ఒకటేనని జనం అనుకుంటున్నారు.

కార్బైడ్ గురించి కూడా రెండు మాటలు. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ వస్తుంది. అది ఇథిలీన్‌లా నటిస్తుంది కానీ చాలా బలహీనం, అదే ఫలితానికి రెండు వేల రెట్లకు పైగా ఎక్కువ కావాలి. పైగా మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కల్మషాలు ఉంటాయి. మన దేశంలో దానితో పండ్లు మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. ఇథిలీన్ వేరు. అది కాయ తనే తయారు చేసుకునే వాయువు, 2016లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని 100 పీపీఎం వరకు అనుమతించింది, అంటే పది లక్షల వంతుల గాలిలో 100 వంతులు. చాంబర్‌లో మాగబెట్టిన పండు అనగానే ముఖం తిప్పుకునేవాళ్లను చూస్తే నాకు విచారంగా ఉంటుంది. మంచి చాంబర్‌లో మాగిన ముదురు కాయ 38 డిగ్రీల గదిలో గడ్డిలో మాగినదాని కంటే రుచిగానే ఉంటుంది.

చాంబర్ అంటే గ్యాస్ గది అనుకుంటారు గానీ, అందులో ఖరీదైనది గ్యాస్ కాదు, చల్లదనం. మామిడికి 20–22 డిగ్రీలు, 90 శాతం దాటిన తేమ పెట్టి, 12 నుంచి 24 గంటలు ఇథిలీన్ ఇస్తారు. తర్వాత తలుపులు తెరిచి గాలి మారుస్తారు, లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పని ఆగిపోతుంది. క్రేట్ల మధ్య నుంచి గాలి పోయేలా పేర్చడం, గోడ మీద మీటరు కాకుండా కాయలోకి సూది థర్మామీటరు గుచ్చి గుజ్జు ఉష్ణోగ్రత చూడడం, ఇవి తెలిసిన ఆపరేటరు ఉంటే నాలుగైదు రోజుల్లో సరుకంతా ఒకే రంగులో బయటికొస్తుంది. కరెంటు బిల్లుకు భయపడి 28 దగ్గర నడిపేవాళ్లున్నారు. ఆ సరుకు మచ్చల తొక్కతో వస్తుంది, నింద గ్యాస్ మీద పడుతుంది. ఇప్పుడు ఇథిలీన్ వదిలే చిన్న పొట్లాలు కూడా దొరుకుతున్నాయి. పొట్లం చింపి పొడిని కాయల మీద చల్లకూడదు, కాయకు తగలకుండా చిల్లుల డబ్బాలో పెట్టి వాడాలి. వేడి గదిలో పొట్లం పెట్టి ప్రయోజనం లేదు, ముందు గది చల్లబడాలి.

ఇదే సూత్రం మిగతా పండ్లలో ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, మామిడి ఒక్కటే కాదు కదా ఇంట్లో. అరటిలో వేడి దెబ్బ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అనంతపురం, కడప వైపు విరివిగా పండే గ్రాండ్ నైన్ రకం 24 డిగ్రీలు దాటిన చోట మాగితే లోపల మెత్తగా, తీయగా అయిపోతుంది కానీ తొక్కలో ఆకుపచ్చ పూర్తిగా పోదు. ఎండాకాలంలో పచ్చగా ఉన్న అరటిపండు చేతిలో నలిగిపోవడం మీరూ చూసే ఉంటారు. అందుకే అరటి చాంబర్లు 15–18 డిగ్రీల్లో నడుపుతారు. 13 కంటే కిందికి పోతే తొక్క బూడిద రంగుకు తిరిగి, లోపల గోధుమ రంగు చారలు పడతాయి. కోనసీమలో పూర్వం గెలలను గదిలో పేర్చి పొగ వేసేవారు. పొగ వేడికి పండుతాయని అనుకునేవారు కానీ పని చేసింది పొగలో ఉన్న ఇథిలీన్. ఇలాంటిదే కాలిఫోర్నియా నిమ్మతోటల్లో జరిగింది. అక్కడ కిరోసిన్ స్టవ్‌లు పెట్టిన గదుల్లో నిమ్మకాయలు పసుపు తిరిగేవి. వేడి వల్లే అనుకుని మంచి హీటర్లు పెడితే రంగు రావడం ఆగింది. స్టవ్ పొగలో ఉన్న ఇథిలీన్ ఆ పని చేసిందని 1924లో డెన్నీ అనే శాస్త్రవేత్త తేల్చాడు.

బత్తాయి, నిమ్మ, ద్రాక్ష, దానిమ్మ, అనాస కోశాక మాగే కోవలో లేవు. చెట్టు మీద ఎంత తీపి ఉందో అంతే, కోశాక పెరగదు. వీటిని గడ్డిలో పెట్టి ఎదురుచూడడం దండగ. ఇథిలీన్ పెడితే బత్తాయి తొక్క రంగు మాత్రం మారుతుంది. నల్గొండ బత్తాయి లోపల తీయగా ఉన్నా తొక్క ఆకుపచ్చగానే ఉండడానికి కారణం మన రాత్రులు చల్లగా లేకపోవడం, పచ్చితనం కాదు. సీతాఫలం మాత్రం ఫ్రిజ్‌కు బద్ధశత్రువు, కాయను పెడితే తొక్క నల్లబడి రాయిలా మిగిలిపోతుంది. టమాటాకు వేడి పడదు: 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు, వేసవిలో మదనపల్లె మార్కెట్‌కు నారింజ రంగు టమాటా వచ్చేది అందుకే.

ఇక బెంగళూరు పెట్టె. పండినవి పంపకండి, సగం మాగినవి అసలు పంపకండి. అవి దారిలో ఊపిరి ఎక్కువ పీల్చి పెట్టెను వేడెక్కిస్తాయి. ముదిరిన పచ్చి కాయలు, కోసిన మర్నాడు, రాత్రంతా చల్లబరిచాక ప్యాక్ చేయండి. పక్కల చిల్లులున్న అట్టపెట్టె, అడుగున గడ్డి, ఒక్కో కాయకు కాగితం, ముచ్చిక కిందికి, రెండు వరుసలు మించకుండా. ఇథిలీన్ పొట్లం పెట్టెలో వేయొద్దు. పార్సిల్ సాయంత్రం బస్సుకు ఇవ్వండి, రాత్రి ప్రయాణంలో వేడి తగలదు. బెంగళూరు మేలో మనకంటే చాలా చల్లన. అక్కడ మామూలు గదిలో పరిచినా మన ఏసీ గదిలో కంటే బాగా మాగుతాయి, పెట్టె అందగానే విప్పమని చెప్పండి చాలు. చిన్న రసాలు, చెరుకు రసాలు మాత్రం పార్సిల్ చేయొద్దు. వాటి తొక్క పల్చన, అడుగు వరుస పెట్టెలోనే జ్యూస్ అయిపోతుంది. అవి తినాలంటే మీ అమ్మాయినే సెలవు పెట్టుకుని రమ్మనండి.